పండుకున్నడు అనే మాట

మా వీధిలో ఈ మధ్యే నర్సు ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు. ఎదురుపడితే "ఆంటీ, మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని మర్యాదకు అడుగుతారు. నేను నోరు తెరిచేలోపు వాళ్ళ ఫోను మోగుతుంది. ఫోను మోగని చోట చెప్పుకుందామని ఇలా కాగితం మీద పెడుతున్నాను. చదవకపోయినా నాకేం నష్టం లేదు, నా పెన్షన్ నాకొస్తుంది.

నా సర్వీసంతా గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గు బాయిల పక్కనే గడిచింది. మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటారు. మా నాయన బాయిలో పనిచేసినవాడే. నేను ట్రైనింగు ముగించుకొని వచ్చి ఒక చిన్న దవాఖానలో సిస్టర్‌గా చేరాను. ఏ దవాఖానో చెప్పను. ఆ కట్టడం ఇప్పుడు లేదు గానీ అందులో పనిచేసినవాళ్ళ మనవలు, మనవరాళ్ళు ఉన్నారు, వాళ్ళకు కోపాలు కూడా ఉన్నాయి.

నర్సు పని అంటే సేవ అని వీడ్కోలు సభలో చెప్తారు. శాలువా కప్పినంతసేపు మేమందరం దేవతలమే. మరునాడు ఏదో సంతకం కోసం అదే ఆఫీసుకు పోతే "ఎవరు కావాలమ్మా?" అంటారు. నన్నడిగితే ఆ పని అంటే మంచంలో ఉన్న మనిషిని చూడటం, అంతే. చూడటం అందరికీ వచ్చనుకుంటారు. అది ఎంతమందికి రాదో చెప్పడానికి నాకు ఒక్క ఓదెలు కథ చాలు.

నిద్ర ఓదెలు

డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. ఓదెలుది జైపూర్ వైపు పల్లె. బాయిలో బొగ్గు తట్టలకెత్తి టబ్బులు, అంటే పట్టాల మీద పోయే తొట్లు, నింపే పని. మనిషి పొడుగు, మెత్తని మాట. షిఫ్టు మొదట్లో అందరికన్నా జోరుగా ఎత్తేవాడట. షిఫ్టు సగమయ్యేసరికి రెప్పలు వాలిపోయేవి, దవడ జారిపోయేది, మాట ముక్కులోంచి వచ్చేది, చేతిలో తట్ట బరువెక్కేది. కాసేపు గోడకు ఆనుకొని కూర్చుంటే మళ్ళీ లేచేవాడు. అలా కూర్చున్నప్పుడే సరిగ్గా ఓవర్‌మన్ వీరస్వామి లైటు మొఖం మీద పడేది.

ఓవర్‌మన్ అంటే బాయి లోపల పని చేయించే పెద్ద. వీరస్వామి తన సర్వీసులో ఏ మనిషినీ నమ్మలేదు. కడుపునొప్పి అన్నవాణ్ణి నమ్మలేదు, జ్వరం అన్నవాణ్ణి నమ్మలేదు. తన భార్య పండగపూట ఉపవాసం అంటే కూడా వంటింట్లోకి తొంగిచూసేవాడని బాయిలో చెప్పుకొని నవ్వుకునేవారు. ఓదెలును చూసి ఆయన తీర్పు ఒక్కటే: "డ్యూటీల పండుకున్నడు."

మా దగ్గర పండుకోవడం అంటే పక్క మీద వాలడమూ అదే, నిద్రపోవడమూ అదే. వాలినవాడు నిద్రపోతున్నాడా, వాలి ఊరుకున్నాడా అని తేడా చెప్పడానికి మాటే లేదు. మాట లేదు గనుక తేడా కూడా లేదని వీరస్వామి లెక్క. ఓదెలును మాటిమాటికీ మధ్యలోనే ఇంటికి పంపించాడు. ఇంకోసారి పండుకుంటే పని నుంచి తీసేయిస్తానన్నాడు. బాయంతా ఓదెలుకు నిద్ర ఓదెలు అని పేరు పెట్టి సంతోషించింది.

అతను మా దవాఖానకు వచ్చింది నిద్ర గురించి కాదు. గజ్జలో ఉబ్బు. హెర్నియా. మొదట్లో చేత్తో నొక్కితే లోపలికి పోయేదట, ఇప్పుడు పోవడానికి మొండికేస్తోంది. అది ఇరుక్కుపోతే పేగు చచ్చిపోతుంది, మనిషీ దక్కడు. ఆపరేషన్ చెయ్యకుంటే ప్రమాదం, చేసి నయం కాకుంటే పని పోవడం ఖాయం. భార్య పోశవ్వ వెంట వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, "సిస్టరమ్మా, కోసుడు కోస్తరు గని, గీ నిద్రకు గూడ ఏమన్న మందిస్తరా? ఇంట్ల గూడ బుక్క నములుకుంట నములుకుంటనే పండుకుంటడు" అంది.

నములుతూ నములుతూ ఎవరైనా నిద్రపోతారా? ఆ మాట విన్నవాళ్ళందరం నవ్వాం. ఒక్కడు నవ్వలేదు.

పిరికి డాక్టరు

మా సర్జన్ గారి గురించి ముందు చెప్పాలి. చెయ్యి మంచిది, నోరు చెడ్డది. ఎంత త్వరగా కోసి ఎంత త్వరగా కుట్టారన్నదే ఆయన గొప్ప. థియేటర్‌లో ఆయన తిట్లు విని నేను నేర్చుకున్న తెలుగు ఏ బడిలోనూ నేర్పరు. ఆయనకు అడ్డం పడేవాడు మా మత్తు డాక్టరు. సన్నని మనిషి, గొంతు బయటికి రాదు. ఆపరేషన్‌కు ముందు రోజు పేషెంటు పక్కన స్టూలు వేసుకొని కూర్చొని కబుర్లు చెప్తాడు. కబుర్లయ్యాక చాలాసార్లు "రేపు వద్దండీ" అంటాడు. సర్జన్ గారు ఆయనకు పెట్టిన పేరు పిరికి డాక్టరు. మేమూ వెనకాల అదే అనేవాళ్ళం. ధైర్యవంతుల కింద పనిచేయడం గొప్పగా ఉంటుంది కదా. పిరికివాళ్ళ పేషెంట్లు మాత్రం ఎక్కువమంది ఇంటికి నడిచిపోయేవారు.

నవ్వనిది ఆయనే. స్టూలు వేసుకొని ఓదెలు ముందు కూర్చున్నాడు. "పైకి చూడు, నేను చాలనేదాకా కింద చూడకు" అన్నాడు. ఓదెలు పైకప్పు చూశాడు. కాసేపటికి రెప్పలు మెల్లగా కిందికి దిగాయి, ఒకటి ముందు, ఒకటి వెనక. "నాకు ఇద్దరు డాక్టర్లు కనవడుతున్నరు సారు" అన్నాడు ఓదెలు, భయపడుతూ.

"ఎప్పటినుంచి ఇద్దరు కనబడుతున్నారు?"

"శాన రోజులాయె. బాయిల గూడ ఒక్క టబ్బు రెండు టబ్బులు కనవడ్తయి. చెప్తె తాగివచ్చిన అంటరని చెప్పలే."

మత్తు డాక్టరు మరునాడు ఒక సూది తెప్పించి తనే వేశాడు. మేం చుట్టూ నిలబడ్డాం. కొద్దిసేపు ఏమీ కాలేదు. సర్జన్ గారు గడియారం చూసుకున్నారు. అప్పుడు ఓదెలు రెప్పలు లేచాయి. ఎవరో తెర లాగినట్టు పూర్తిగా పైకి లేచాయి. అవి పెద్ద పెద్ద కళ్ళు, నల్లనివి. పోశవ్వ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓయమ్మ, నీ కండ్లు గింత పెద్దగుంటయని నేను యాదిమరిచిన" అంది. నాకు ఏడుపొచ్చింది. సర్జన్ గారు కూడా కాసేపు తిట్టడం మర్చిపోయారు.

రోగం పేరు మయస్తీనియా గ్రేవిస్. నరం చెప్పిన మాట కండకు సరిగ్గా అందదు. పొద్దున కాస్త అందుతుంది, పని చేసేకొద్దీ అందదు. రెప్ప, దవడ, గొంతు, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు అన్నీ అలిసిపోతాయి. మనిషి తెలివి మాత్రం ఎక్కడికీ పోదు. మా సర్వీసులో అంతకుముందు ఎవరమూ చూడలేదు. వార్డులో ఆ పేరు పలకడం ఎవరి వల్లా కాలేదు. రెండు రోజుల్లో అది మస్తాన్ బీమారి అయింది. మస్తాన్ ఎవరని ఎవరూ అడగలేదు.

మెలకువలో ఆపరేషన్

తయారీకి కొన్ని వారాలు పట్టింది. సర్జన్ గారికి అది అవమానం. ఒక హెర్నియాకు ఇన్ని వారాలా అని గోడలకు చెప్పుకున్నారు. ఈలోగా మత్తు డాక్టరు ఓదెలుకు మాత్రలు మొదలుపెట్టి, ఎంత ఇస్తే రెప్ప నిలుస్తుందో, ఎంత ఎక్కువైతే కడుపులో మెలిపెడుతుందో చూసుకున్నాడు. మాత్ర వేసుకున్నాక బలం ఉన్నప్పుడే అన్నం తినాలి. గట్టిగా దగ్గడం ఇప్పుడే నేర్చుకోవాలి, కోశాక నేర్పితే రాదు. ఆపరేషన్ రోజు పొద్దున అందరికీ నీళ్ళు కూడా బంద్, ఓదెలుకు మాత్రం గుక్కెడు నీళ్ళతో మాత్ర ఇవ్వాల్సిందే. ఇవన్నీ ఇప్పుడు మీకు పుస్తకంలో ఉంటాయి. మాకు ఆయన స్టూలు మీద కూర్చొని చెప్పిందే పుస్తకం.

అన్నిటికన్నా ఒకటి గట్టిగా చెప్పాడు. ఆ రోజుల్లో కోసినవాళ్ళందరికీ చీము పట్టకుండా పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపి సూది వేసేవాళ్ళం. అడిగినా అడగకున్నా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. "ఇతనికి స్ట్రెప్టోమైసిన్ వద్దు. అది వేస్తే ఉన్న బలం కూడా పోయి ఊపిరి ఆగుతుంది" అన్నాడు. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాయించి మంచం తలాపున కట్టించాడు.

మత్తు ఇవ్వకుండా, కోసేచోట తిమ్మిరి మందు పెట్టి, పొద్దున మొదటి కేసుగా చేశారు. ఓదెలు మెలకువగానే ఉన్నాడు. అదే సర్జన్ గారికి పెద్ద శిక్ష. పేషెంటు వింటుంటే తిట్టడానికి లేదు. కత్తెర ఆలస్యమైతే "ఇవ్వమ్మా" అన్నారు. నా సర్వీసులో ఆయన నన్ను అమ్మా అన్నది ఆ ఒక్కసారే. మధ్యలో ఓదెలు, "సారు, నేను పండుకోలేదు, కండ్లు మూసిన గంతే, రాసుకోకుండ్రి" అన్నాడు. తెర వెనక మత్తు డాక్టరు మొదటిసారి నవ్వడం చూశాను.

కుట్లు పడ్డాయి. ఓదెలు వార్డుకు వచ్చి గంజి తాగాడు. గండం గడిచిందని మేమంతా అనుకున్నాం. ఈ ఉద్యోగంలో ఆ మాట అనుకోగానే లేచి పేషెంటు దగ్గరికి పొండి.

సూది కావాలె

మరునాడు నాది రెండో షిఫ్టు. కాబట్టి పొద్దున జరిగింది నేను చూడలేదు, తర్వాత అందరూ అన్ని రకాలుగా చెప్పారు. అన్నీ కలిపితే ఇదీ జరిగింది.

ఓదెలు బావమరిది రాజయ్య, బాయిలోని నలుగురు దోస్తులను వెంటేసుకొని చూడటానికి వచ్చాడు. రాజయ్యకు అక్క పోశవ్వంటే ప్రాణం, బావంటే అంతకన్నా ఎక్కువ. యూనియన్‌లో తిరిగే మనిషి, అన్యాయం ఎక్కడున్నా వాసన పడతాడు. ఆ రోజు ఆ వాసన పక్క మంచం దగ్గర తగిలింది. అక్కడ అపెండిక్సు కోయించుకున్న ఆఫీసు క్లర్కు ఉన్నాడు. సిస్టర్ వచ్చి క్లర్కుకు సూది వేసి పోయింది. ఓదెలు వైపు చూడలేదు.

"గాయినకు సూది ఏసిండ్రు, మా బావకెందుకు ఎయ్యలె?" అన్నాడు రాజయ్య.

"ఆయనకు సూది లేదు" అంది సిస్టర్, ఇంకో పనిలో ఉండి.

లేదు అనే మాట మా వాళ్ళకు చెప్పకూడదు. ఎందుకు లేదో నాలుగు మాటలు కూర్చొని చెప్తే వింటారు. ఆ సిస్టర్‌కు తీరిక లేదు, చెప్పలేదు. "క్లర్కుకైతే సూది, కార్మికునికైతే గంజా?" అని రాజయ్య లేచాడు. దోస్తులూ లేచారు. వార్డులో ఉన్న మిగతా బాయి పనివాళ్ళు, మంచాల్లో ఉన్నవాళ్ళు కూడా, నడుము పట్టుకొని లేచి కూర్చున్నారు. "సూది ఎయ్యాలె! సూది ఎయ్యాలె!" ఆ గోలలో తన గొంతు వినబడక ఓదెలు వద్దని చెయ్యి ఊపాడట. మొహమాటపడుతున్నాడనుకున్నారు.

డ్యూటీ డాక్టరు కొత్త కుర్రాడు. బాయి కార్మికులు తిరగబడితే ఎలా ఉంటుందో ఉద్యోగంలో చేరకముందే ఎవరో చెప్పి భయపెట్టారు. అతను పరుగున వచ్చి అరుపులు విన్నాడు. అట్టముక్క చూసేవాడే. కానీ అట్టముక్క మీద రాజయ్య తువ్వాల ఆరేసి ఉంది. అందరికీ వేసే సూదే కదా, వేస్తే పోయేదేముంది అనుకొని తనే చేత్తో వేశాడు. ఓదెలు పక్షాన కార్మికవర్గం గెలిచింది. రాజయ్య బావ భుజం తట్టి, "మనం అడిగితెనే ఇస్తరు బావా" అన్నాడు.

చూశారా, ఒక్కడూ దుర్మార్గుడు లేడు. అందరూ ప్రేమతోనే చేశారు.

ష్

నేను డ్యూటీకి వచ్చేసరికి వార్డు గుడిలా నిశ్శబ్దంగా ఉంది. పోశవ్వ విసనకర్ర ఊపుతోంది. దోస్తులు కింద కూర్చొని బీడీలు కూడా ముట్టించకుండా ఉన్నారు. నేను మంచం వైపు నడుస్తుంటే రాజయ్య లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ష్. లేపకు అక్కా. సూది మంచిగ పనిచేసింది. ఎన్నడు లేనిది బుద్ధిగ పండుకున్నడు."

"పాపం, పండనియ్యి సిస్టరమ్మా" అంది పోశవ్వ. "బాయిల పండుకుంటె తిట్టిరి. గీడనన్న పండుకోనియ్యి."

ఎంత ముచ్చటైన మాట. ఏ సూది, ఎవరు వేశారు అని నేను అడగబోతుండగానే వెనక బూట్ల చప్పుడైంది. ఓవర్‌మన్ వీరస్వామి. చేతిలో నాలుగు అరటిపళ్ళు. మస్తాన్ బీమారి సంగతి ఆయన చెవిన పడింది. పరామర్శకు రాలేదు, నిజమా కాదా తేల్చుకోవడానికి వచ్చాడు. పళ్ళు మర్యాదకు.

దోస్తులు కోపంగా చూశారు. "సారు, ఇది బాయి గాదు, దవాఖాన. మా బావ పండుకున్నడు" అన్నాడు రాజయ్య పళ్ళు పటపట కొరుకుతూ.

వీరస్వామి ఓదెలు మీదికి వంగాడు. అలవాటు కొద్దీ, లైటు లేకున్నా లైటు వేసినట్టే తల వంచి చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి వార్డంతా వినబడేలా తీర్పు చెప్పాడు.

"వీడు పండుకోలే. నాటకం ఆడుతుండు. పండుకున్నోళ్ళను నేను సూడలేదా? పండుకున్నోడు లైటేస్తె ఉలిక్కిపడ్తడు. వీడు మనం మాట్లాడేది వింటుండు. ఏయ్ ఓదెలు, లే!"

రాజయ్య ఆయన కాలరు పట్టుకున్నాడు. పోశవ్వ ఏడ్చింది. అందరూ ఒక్కసారి అరిచారు. నేను ఆ గోలలో మంచం దగ్గరికి చేరాను. నుదుటి మీద చెమట. పెదవి మూల నుంచి చొంగ దిండు మీదికి కారి తడిసింది. ఛాతీ లేస్తోందా లేదా అన్నట్టుంది. రెప్పలు మూసే ఉన్నాయి, కానీ ఒక కంటి కొన నుంచి నీళ్ళు చెవి వైపు కారుతున్నాయి. నిద్రపోయేవాడు ఏడవడు.

"ఓదెలూ, నా మాట వినబడితే వేలు కదుపు" అన్నాను.

వేలు కదిలింది. పక్క దుప్పటి మీద చూపుడువేలు, గింజంత. లేచి పిలవడానికి గొంతు లేదు, చూడటానికి రెప్ప లేదు. చుట్టూ తనవాళ్ళందరూ ష్, పండుకున్నడు అంటుంటే విన్నాడు. ఊపిరి ఆగిపోతుంటే పోశవ్వ విసనకర్ర గాలి మొఖానికి తగులుతూనే ఉంది.

తర్వాతది మాకు తెలిసిన పనే. చొంగ లాగేశాం. మూతికి మాస్కు పెట్టి గాలి సంచి నేను నొక్కడం మొదలుపెట్టాను. మత్తు డాక్టరు ఇంట్లో అన్నం ముందు కూర్చున్నవాడు ఎంగిలి చేత్తోనే వచ్చాడు. ఏ సూది పడిందో ఒక్క మాటలో అడిగి, విరుగుడుగా కాల్షియం ఎక్కించాడు, మొదటిరోజు రెప్పలు లేపిన సూదే మళ్ళీ వేశాడు. మనిషిని కూర్చోబెట్టినట్టు ఎత్తి పట్టుకోవాలన్నాడు. ఒక పక్క రాజయ్య పట్టాడు, ఇంకో పక్క వీరస్వామి, చిరిగిన కాలరుతో. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు. సాయంత్రం బాయి సైరన్ మోగే వేళకు ఓదెలు ఊపిరి నా చేతికి ఎదురు రావడం మొదలైంది. సంచి నొక్కబోతే వాడే ముందు పీల్చుకున్నాడు.

మత్తు డాక్టరు తలాపున ఉన్న తువ్వాల తీసి, మడతపెట్టి, రాజయ్య చేతికిచ్చాడు. రాజయ్య ఆ తువ్వాలతో మొఖం కప్పుకొని వరండాలో చాలాసేపు కూర్చున్నాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

వీరస్వామి క్షమాపణ చెప్పలేదు. ఆయన చెప్పే రకం కాదు. పైగా బాయిలో ప్రతి షిఫ్టుకూ "నేను లేకపోతే ఓదెలు పోయేటోడు" అని చెప్పుకున్నాడు. కష్టమేమిటంటే అది నిజం. జీవితమంతా ఎవరినీ నమ్మనివాడు సరిగ్గా నమ్మకూడని రోజున వచ్చాడు. దీన్నిబట్టి అనుమానం మంచిదని రాసుకోకండి. ఆయన బాయిలో మూడొంతులమందిని ఏడిపించాడు. మనకు మాత్రం ఒక్క పాఠం: పేషెంటు కళ్ళు మూసుకుంటే, అది నిద్రేనని పక్కవాళ్ళు ఎంత ప్రేమగా చెప్పినా నమ్మకండి. బాయిలో మెలకువగా ఉన్నవాణ్ణి పండుకున్నడు అని తిట్టారు. దవాఖానలో మునిగిపోతున్నవాణ్ణి పండుకున్నడు అని ముద్దు చేశారు. మాట ఒకటే. రెండోదే ప్రాణం తీయబోయింది.

ఇంకొకటి. లేదు అని చెప్పి పోకండి. ఎందుకు లేదో చెప్పండి. తీరిక లేదంటారా, తీరిక చేసుకోండి. మొగుడికో అన్నకో సూది ఎందుకు వెయ్యలేదో తెలిస్తే, తువ్వాల వేరేచోట ఆరేసుకుంటారు.

ఓదెలుకు బాయి లోపలి పని మానిపించి పైన లాంప్ రూములో, టోపీ దీపాలు ఇచ్చే చోట పని ఇచ్చారు. దాని వెనక మత్తు డాక్టరు పట్టు ఉంది. ఆ తర్వాత కూడా ఆయన్ను పిరికి డాక్టరు అనే అన్నాం. కాకపోతే పేరు పలికే తీరు మారింది.

ఆ రోజు నుంచి నేను వార్డులో ప్రతి మనిషినీ పేరు పెట్టి లేపి చూసేదాన్ని. సిస్టర్ నిద్ర చెడగొడుతోందని నా మీద ఫిర్యాదులు పోయాయి, మేట్రన్ పిలిచి మందలించింది. తలూపి వచ్చి మళ్ళీ లేపాను. అందులో మొదటివాడు ఓదెలే. కుట్లు మానుతున్న రోజులు. మధ్యాహ్నం ఎండకు వార్డంతా కునుకు తీస్తోంది. పోశవ్వ కింద చాప మీద ఉంది, కళ్ళు తెరుచుకొని మొగుడి ఛాతీనే చూస్తోంది. నేను మంచం పక్కన నిలబడి "ఓదెలూ" అన్నాను. జవాబు లేదు. భుజం పట్టి గట్టిగా కుదిపాను. "ఓదెలూ!"

"ఉన్న సిస్టరమ్మా" అన్నాడు, కళ్ళు తెరవకుండానే, ముక్కులోంచి కాక నిండు గొంతుతో. "గిప్పుడు నిజంగనే పండుకున్న. జర పండనియ్యరాదు."

పోశవ్వ చాప మీద అటు తిరిగి, ఆపరేషన్ అయినప్పటి నుంచి మొదటిసారి కళ్ళు మూసుకుంది. నేను పోయి చాయ్ తాగాను.